అద్దాలు మార్చినా చూపు మసకగానే ఉంటే కంటి నరాన్ని పరీక్ష చేయించండి

మీ చెల్లెలికి ఎడమ కంటి చూపు నాలుగైదు రోజుల్లోనే మసకబారిందని, కన్ను తిప్పితే నొప్పి పుడుతోందని, అద్దాలు మార్చినా ఫలితం లేదని, కంటి లోపల ఏ లోపమూ లేదన్నారని రాశారు. న్యూరాలజిస్టుకు చూపించాలా అని అడిగారు. తప్పకుండా చూపించాలి, అదీ ఒకటి రెండు రోజుల్లోనే.

మా అక్కకూ ఇలాగే వచ్చింది. విశాఖ గాజువాకలో ఒక కళ్లద్దాల దుకాణంవారు కొత్త పవరు రాసి పంపారు. అప్పటికే ఎర్ర చీర ఆమెకు ఒక కంటితో చూస్తే మామూలుగానూ, రెండో కంటితో చూస్తే వెలిసిపోయినట్లుగానూ కనిపిస్తోంది. పవరు తేడా వల్ల అలా జరగదు. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం వాచినప్పుడు, అంటే ఆప్టిక్ న్యూరైటిస్‌లో, ముందుగా దెబ్బతినేవాటిలో రంగుల చూపు ఒకటి. దాదాపు మూడింట రెండు వంతుల మందిలో ఆ వాపు కనుగుడ్డు వెనుక ఉంటుంది కనుక, తొలి రోజుల్లో కంటి లోపలికి చూసిన డాక్టరుకు అంతా బాగున్నట్లే కనిపిస్తుంది. టార్చి వెలుతురును రెండు కళ్ల మీదికి మార్చి మార్చి వేసి, కనుపాపలు ఎలా ముడుచుకుంటున్నాయో చూసే పరీక్షలో తేడా బయటపడుతుంది.

హనుమంతవాక దగ్గరి ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో గానీ, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో గానీ చూపించండి. ఎమ్మారైతో పాటు ఆక్వాపోరిన్-4, మాగ్ (MOG) యాంటీబాడీల (ఒంటి రోగనిరోధక శక్తి సొంత నరాల మీదే తయారుచేసే ప్రతిరోధకాల) రక్తపరీక్ష గురించి మీరే అడగండి. రోగనిరోధక శక్తి మెదడు, వెన్నుపాముల్లోని నరాల పొరను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌కూ, ముఖ్యంగా కంటి నరాన్నీ వెన్నుపామునూ దెబ్బతీసే న్యూరోమైలైటిస్ ఆప్టికాకూ ఇదే తొలి లక్షణం కావచ్చు. పైగా మొదటి జబ్బుకు వాడే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్ వంటి మందులు రెండోదాన్ని ముదరబెట్టగలవు. మా అక్కకు ఆక్వాపోరిన్ పాజిటివ్ వచ్చింది, అంటే న్యూరోమైలైటిస్ ఆప్టికా అని తేలింది. చూపు తగ్గక ముందు వారాల తరబడి ఆగని ఎక్కిళ్లు, వాంతులు ఉంటే గ్యాస్ట్రిక్ అనుకున్నాం. అవీ ఈ జబ్బు లక్షణాలేనని న్యూరాలజిస్టు చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు. మీ చెల్లెలినీ ఈ సంగతి అడిగి చూడండి.

మందుల షాపులో స్టెరాయిడ్ మాత్రలు మాత్రం కొనకండి. 1992లో వెలువడిన అమెరికా పరిశోధనలో, ప్రెడ్నిసోన్ మాత్రలు మాత్రమే మామూలు మోతాదులో వాడినవారికి జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. 3 రోజులు మిథైల్‌ప్రెడ్నిసోలోన్ సెలైన్‌లా ఎక్కించి, ఆ తరువాత మాత్రలు ఇచ్చినవారికి చూపు త్వరగా కోలుకుంది.

నయమయ్యాక కూడా మన ఊరి వేసవి ఉక్కలో నడిచి వస్తే చూపు కాసేపు మసకబారి, ఒళ్లు చల్లబడగానే సర్దుకోవచ్చు. అది జబ్బు తిరగబెట్టడం కాదు. మసక 24 గంటలు దాటినా, కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.