సాలెగూడును ఆర్ట్ గ్యాలరీలో పెడితే తెలివి గురించి ఏం తెలుస్తుంది?

గూడు అల్లింది సాలీడైతే కళాకారుడు చేసిందేమిటి, ఇందులో తెలివి ప్రస్తావన ఎందుకు అని కదా మీ సందేహం. అర్జెంటీనాలో పుట్టి బెర్లిన్‌లో పనిచేస్తున్న టొమాస్ సరాసెనోనే తీసుకుందాం. ఈయన 2018లో పారిస్‌లోని పలే ద తోక్యో అనే ఆర్ట్ మ్యూజియంలో 'ఆన్ ఎయిర్' అనే ఎగ్జిబిషన్ పెట్టాడు.

ఈయన పద్ధతి ఇది: క్యూబ్ ఆకారపు చట్రంలో ఒక సాలీడును వదులుతారు. అది గూడు అల్లాక సాలీడును తీసేసి, చట్రాన్ని పక్కకు తిప్పి, ఇంకో జాతిదాన్ని వదులుతారు. ఒంటరిగా బతికే సాలీడు పోగుల మీద గుంపుగా బతికేవి తమ అల్లిక మొదలుపెడతాయి. చీకటి గదిలో లైటు పడితే పొగమంచు గడ్డకట్టినట్టు ఉంటుంది.

ఇక తెలివి సంగతి. గూడు కట్టే సాలీళ్లలో చాలావాటికి చూపు అంతంతమాత్రం. చిక్కింది పురుగా, ఊపింది గాలా, వచ్చింది జత కోసం మగదా అన్నది పోగుల వణుకును కాళ్లతో పసిగట్టి తేల్చుకుంటాయి. అందుకే గూడు కూడా సాలీడు ఆలోచనలో భాగమేనని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. అందరూ ఒప్పుకోరు. నాకైతే సబబుగానే అనిపిస్తుంది.

ఆ వణుకును మైకులతో పెద్దది చేసి వినిపించడమే ఎగ్జిబిషన్‌లో అసలు విశేషం. అన్నట్టు, శ్రీకాళహస్తి పేరులో 'శ్రీ' అంటే సాలీడే. మనం మాత్రం పండగొస్తే బూజుకర్ర పడతాం!