బ్యాటరీ కొనుక్కోవాలా, అద్దెకు తీసుకోవాలా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు కె.ఆర్.పురంలో మూడో అంతస్తులో అద్దెకుంటున్నాను, లిఫ్ట్ లేదు. ఆఫీసుకు రానూపోనూ 36 కి.మీ. పాత బండికి పెట్రోలే నెలకు రెండు వేలు దాటుతోంది. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీతో కలిపి 1.20 లక్షలంటున్నారు. బ్యాటరీ అద్దెకైతే బండి 75 వేలు, నెలకు 1,400 అద్దె. యూరప్‌లో బ్యాటరీలు మనమే మార్చుకునేలా చట్టం వచ్చిందని, ఇక్కడా వచ్చేదాకా ఆగమని ఫ్రెండ్ అంటున్నాడు. ఆగమంటారా?

జవాబు: ఆగొద్దు. మీ ఫ్రెండ్ చెప్పింది సగమే నిజం. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీ చట్టంలో ఆ నిబంధన 2027 ఫిబ్రవరి 18 నుంచి అమలవుతుంది. ఫోన్ల లాంటివాటి బ్యాటరీలు వాడేవాళ్లే తీసి మార్చుకోగలిగేలా ఉండాలి. స్కూటర్లు, ఈ-సైకిళ్లలో వాడే 25 కిలోలు దాటని బ్యాటరీలనైతే బయటి మెకానిక్ మార్చగలిగితే చాలు. కార్ల బ్యాటరీలు ఈ నిబంధన కిందికే రావు.

మన దగ్గర బ్యాటరీ లేకుండా స్కూటర్ అమ్మి రిజిస్టర్ చేయొచ్చని రవాణా శాఖ 2020 ఆగస్టులోనే చెప్పింది. మీకు చూపించిన అద్దె స్కీముకు దారి అదే. అంతేగానీ, ఏ కంపెనీ బ్యాటరీ అయినా కొని తగిలించుకునే హక్కు మీకు రాలేదు. గల్లీ షాపులో బ్యాటరీ లోపలి సెల్స్ మార్పిస్తే వారంటీ పోతుంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కీ చిక్కొస్తుంది.

ఇక డబ్బు సంగతి. రెండు ధరలకూ తేడా 45 వేలు. చేతిలో ఉంటే అది 33 నెలల అద్దెలోనే తేలిపోతుంది. అదే 45 వేలు 12 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ తీసుకుంటే మొత్తం కట్టేది దాదాపు 54 వేలు, అంటే 39 నెలల అద్దె. ఆ తర్వాత బ్యాటరీ మీది, అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది. పైగా ఆ 1,400కు కి.మీ. పరిమితి ఉందేమో అడిగారా? నెలకు 24 రోజులు వెళ్తే ఆఫీసుకే 864 కి.మీ. అవుతుంది. ఛార్జింగ్ ఖర్చు అందులోనే ఉందో లేదో కూడా చూడండి. మధ్యలో బండి అమ్మితే అద్దె ఒప్పందం ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఎక్కువమంది చదవరు.

నాలుగేళ్లకు మించి బెంగళూరులోనే ఉంటారంటే కొనుక్కోవడమే మంచిది. ఏడాదిన్నరలో ఊరు మారేట్టుంటే అద్దె. వారంటీ కాగితంలో ‘మూడేళ్లు లేదా 30 వేల కి.మీ., ఏది ముందైతే అది’ అని ఉంటే జాగ్రత్త. మీ తిరుగుడుకు మూడేళ్లు నిండకముందే కి.మీ. అయిపోతాయి. కొంచెం ఎక్కువైనా పెద్ద వారంటీ ఉన్నదే తీసుకోండి.

బండితో పాటు వచ్చే బ్యాటరీ మీద జీఎస్టీ 5 శాతం, విడిగా కొంటే 18. రేపు బ్యాటరీ 50 వేలనుకున్నా బిల్లు 59 వేలవుతుంది. పెట్రోల్‌లో మిగిలే డబ్బులోంచి నెలకు వెయ్యి ఐదేళ్ల ఆర్‌డీలో వేయండి, ఆ బిల్లుకు సరిపోతుంది.

తీసి మార్చే బ్యాటరీ ఒక్కోటి పది కిలోలకు అటూఇటూ ఉంటుంది. రోజూ రాత్రి మూడంతస్తులు మోయగలరా? ముందు ఓనర్‌ని కింద పార్కింగ్‌లో సబ్‌మీటర్‌తో ఒక సాకెట్ అడిగి చూడండి, ఒప్పుకుంటే రెంట్ అగ్రిమెంట్‌లో రాయించుకోండి. కాదంటేనే తీసి మార్చే మోడల్. ఏది తీసుకున్నా ఒప్పందం కాపీ ముందురోజే వాట్సాప్‌లో పంపమని అడగండి. షోరూమ్‌లో నిలబడి సంతకం పెట్టొద్దు.