ఆ ప్లస్ గుర్తు గురించి రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మీ నాన్నగారిని బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ కచేరీకి తీసుకెళ్లడం, తిరిగొచ్చాక దాని మీద రాయాలనిపించడం, రెండూ నాకు చాలా నచ్చాయి. అందుకే మొహమాటపడకుండా చెబుతున్నాను. నీ ఏడు పేజీల్లో ఐదు పేజీలు పోయిన గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ గొప్పా, ఇప్పుడు వాళ్లతో పాడుతున్న ఆడమ్ లాంబర్ట్ గొప్పా అన్న తగువుకే సరిపోయాయి. తీర్పు కూడా నువ్వే చెప్పేశావు. ఆ తీర్పు కచేరీకి వెళ్లకముందు కూడా నీ దగ్గర ఉన్నదే.

నేనూ ఇదే పొరపాటు చేశాను. 2019 జూలైలో డాలస్‌లో వాళ్ల కచేరీ చూసొచ్చి, ఆ రాత్రే కూర్చుని రాశాను. పొద్దున్నే తీసి చదువుకుంటే ఫ్రెడ్డీ పుట్టిన జాంజిబార్ ఉంది, బడికెళ్లిన పంచ్‌గని ఉంది, పోయిన 1991 నవంబర్ 24 ఉంది. రెండు గంటలపాటు నా కళ్లముందు పాడిన మనిషి మాత్రం ఎక్కడా లేడు. ముందే తెలిసినవన్నీ రాసి, ఆ రాత్రి కొత్తగా తెలిసింది వదిలేశాను. ఆ కాగితాలు ఎవరికీ పంపలేదు.

అందుకే చెబుతున్నాను. ఇద్దరు గాయకుల్ని తక్కెడలో పెట్టకు. పోయిన మనిషి లేని లోటు ఆ వేదిక మీద సరిగ్గా ఎక్కడ కనపడింది, ఆ సమయానికి ఎవరు ఏం చేశారు, అది రాయి.

'లవ్ ఆఫ్ మై లైఫ్' దగ్గర నువ్వు ఒక్క వాక్యం రాసి దాటేశావు, అందరూ ఏడ్చారని. అక్కడ ఆగాలి. నేను చూసింది చెబుతాను. ఆ పాటకి లాంబర్ట్ వేదిక మీద లేడు. బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే ఒక్కడే ముందుకొచ్చి కూర్చున్నాడు. ఆ నెలలోనే అతనికి 72 నిండాయి. చేతిలో అకౌస్టిక్ గిటార్. తీగ మీటగానే హాలంతా ఫోన్ లైట్లు వెలిగాయి. పాడింది జనం, అతను వాళ్లతో గొంతు కలిపాడంతే. పాట చివరికొచ్చేసరికి వెనక తెర మీద ఫ్రెడ్డీ కనపడి, మిగతాది తనే అందుకున్నాడు. మే తలెత్తి తెరకేసి చూశాడు, వేళ్లు మాత్రం ఆగలేదు. ఆగడానికి లేదు కదా, ఎప్పుడో రికార్డయిన గొంతు ఇతని కోసం ఒక్క క్షణం కూడా నిలబడదు. స్నేహితుడి వెంట నడిచినట్టు ఆ గొంతు వెంట వాయించుకుంటూ వెళ్లాడు. నా పక్క సీట్లో ఒక పెద్దాయన పాప్‌కార్న్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. పాట అయ్యేదాకా ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. 'అందరూ ఏడ్చారు' అని రాస్తే ఆ పెద్దాయన ఎవరికీ కనపడడు.

ఇంకో సంగతి. ఈ పాట జనం పాడటం ఫ్రెడ్డీ పోయాక మొదలైంది కాదు. 1985 జనవరిలో రియో డి జనీరోలో జనం ఎత్తుకుంటే, ఆయన తను పాడటం ఆపి చేత్తో వాళ్లని నడిపించాడు. 'బొహీమియన్ రాప్సడీ' కూడా అంతే. నడుమ వచ్చే ఒపేరా భాగం స్టూడియోలో గొంతు మీద గొంతు పేర్చి తయారుచేసింది. నలుగురు మనుషులు వేదిక మీద నిలబడి పాడగలిగేది కాదు. అందుకని ఫ్రెడ్డీ ఉన్న రోజుల్లో కూడా ఆ భాగం రాగానే నలుగురూ లోపలికెళ్లిపోయేవాళ్లు. టేపు మోగేది. మళ్లీ గిటార్లు అందుకునే వేళకి పరుగున వచ్చేవాళ్లు. ఆ పాటలో వేదిక ఖాళీగా ఉండటం మొదటినుంచీ ఉన్నదే. ఇది తెలిశాక, 'ఇది అసలు క్వీన్ కాదు' అని నువ్వు రాసిన మాట నిలబడుతుందా? నిలబడుతుందనిపిస్తే ఉంచు. ఎందుకో కూడా చెప్పు.

ఇక లాంబర్ట్. 2009 అమెరికన్ ఐడల్ అనే టీవీ పాటల పోటీ ఆడిషన్లో అతను పాడింది ఆ 'బొహీమియన్ రాప్సడీ'యే. ఫైనల్లో బ్రయాన్ మే, క్వీన్ డ్రమ్మర్ రోజర్ టేలర్ వచ్చి వాయించారు. పోటీలో అతనిది రెండో స్థానం. 2012 నుంచి వాళ్లతో పూర్తి కచేరీలు చేస్తున్నాడు. ఫ్రెడ్డీ పోయేనాటికి ఇతనికి తొమ్మిదేళ్లు. నువ్వు 'క్వీన్ కొత్త గాయకుడు' అని రాశావు. టికెట్ మీద అలా లేదు, 'క్వీన్ ప్లస్ ఆడమ్ లాంబర్ట్' అని ఉంటుంది. ఆ ప్లస్ గుర్తు వాళ్లు కావాలని పెట్టుకున్నది. అతను ఫ్రెడ్డీలా మీసం పెట్టుకోడు, ఆయన వేసుకున్న ఆ పసుపు జాకెట్ వేసుకోడు. ఫ్రెడ్డీ గొంతులోని గరుకు ఇతనికి లేదు, పై స్వరాలకి మాత్రం అవలీలగా వెళ్లిపోతాడు. ఫ్రెడ్డీ ఒక్కడేనని, తనూ మీలాగే అభిమానినని వేదిక మీద తనే చెబుతాడు. రోజూ అన్ని వేలమంది ముందు ఆ మాట చెప్పి, వెంటనే ఆయన పాటే పాడాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! నీ వ్యాసంలో నేను వెతికింది అదే.

జర్నీ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ పూర్తిగా వేరే దారి పట్టింది. తమ పాత గాయకుడు స్టీవ్ పెర్రీ పాటలు పాడే మనిషి కోసం వెతుకుతూ గిటారిస్టు నీల్ షాన్ 2007లో యూట్యూబ్‌లో ఆర్నెల్ పినేడాని చూశాడు. మనీలాలో చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకుని పార్కుల్లో పడుకున్న మనిషి. కళ్లు మూసుకుని వింటే పెర్రీయే అనిపిస్తాడు. అక్కడ ప్లస్ గుర్తు లేదు. 2017లో జర్నీకి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం ఇచ్చిన సభకి పెర్రీ వచ్చాడు, మాట్లాడాడు, పినేడా పేరు చెప్పి మనసారా మెచ్చుకున్నాడు. పాడలేదు. ఆ రాత్రి కూడా పాడింది పినేడాయే. దీని గురించి ఎప్పుడైనా విడిగా రాయాలి నువ్వు.

క్వీన్ బేస్ గిటారిస్టు జాన్ డీకన్ గురించి ఒక్క ముక్కయినా ఉండాలి. ఆ బేస్ గిటార్ లేకుండా క్వీన్ ఎక్కడిది? ఆయన బతికే ఉన్నాడు, తొంభైల చివర్లో అన్నీ వదిలేసి ఇంటిపట్టున ఉండిపోయాడు. ఆయన లేకపోవడం ఎవరికీ పట్టదు, నాకు అది బాధగా ఉంటుంది.

భాష గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 'గూస్‌బంప్స్' నాలుగు చోట్ల వాడావు, ఒకటి ఉంచి మిగతావి తీసెయ్. పాటల్ని తెలుగు చేసి పెట్టిన పేరాలు కూడా తీసెయ్.

అన్నిటికంటే నాకు నచ్చిన వాక్యం నీ మూడో పేజీలో ఉంది. నాన్న కాలేజీ రోజుల్లో రికార్డింగ్ షాపులో ఎక్కించుకున్న క్యాసెట్, దాని మీద బాల్‌పెన్నుతో తప్పుగా రాసిన బ్యాండ్ పేరు. దాన్ని అక్కడే వదిలేశావేం? అది ఏ ఊరి షాపు? రెండో వైపు ఏం పాటలున్నాయి? తెర మీద ఫ్రెడ్డీ కనపడినప్పుడు మీ నాన్నగారు తెరకేసి చూశారా, గిటార్ పట్టుకున్న మనిషికేసి చూశారా? తిరిగొచ్చేటప్పుడు కార్లో ఏం మాట్లాడారు? ఏమీ మాట్లాడకపోతే అదే రాయి. ఈ ఆదివారం ఫోన్ చేసి క్యాసెట్ సంగతి అడుగు. ఆ పేజీ ఒక్కటే రాసి పంపినా చాలు, నేను చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య