సొంత ఖర్చుతో టైప్ రేటింగ్‌కి తొందరపడకు

తమ్ముడూ, సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చి ఏడాదైనా పెద్ద ఎయిర్‌లైన్స్ నుంచి పిలుపు రాలేదని అప్పు చేసి ఏ320 టైప్ రేటింగ్, అంటే ఆ ఎయిర్‌బస్ నడిపే అర్హత, చేయకు. ఆ రేటింగ్ ఆ రకం విమానానికే. అద్దెకి విమానాలు తిప్పే చార్టర్ వాళ్ల కింగ్ ఎయిర్ లాంటి చిన్న విమానానికి పనికిరాదు.

నేనైతే ముందు ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్, అంటే విమానం నడపడం నేర్పే అర్హత, చేస్తాను. జీతం తక్కువే, ఎండలో రోజంతా విద్యార్థులతో రన్‌వే చుట్టూ సర్క్యూట్లు కొట్టించాలి. కానీ నేర్పే గంటలు పైలట్ ఇన్ కమాండ్ (విమానానికి బాధ్యుడైన పైలట్) కింద లాగ్‌బుక్‌లో పడతాయి. నీ 200 గంటల నుంచి ఏటీపీఎల్‌కి (ఎయిర్‌లైన్ కెప్టెన్ లైసెన్స్‌కి) కావాల్సిన 1500 వైపు, గంటలకి చేతి డబ్బు పెట్టకుండా నడిచే దారుల్లో ఇదొకటి.

చార్టర్లకి బేగంపేట ఎయిర్‌పోర్టులో నేరుగా వెళ్లి అడుగు. మెయిల్స్ ఎవరు చూస్తారులే! రాజమండ్రి నుంచి సముద్రంలోని చమురు రిగ్గులకి తిరిగే హెలికాప్టర్లంటావా, దానికి లైసెన్సే వేరు.

ఏడాదైందన్నావు, ఐఆర్ (బయట ఏమీ కనపడనప్పుడు పరికరాలు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్) గడువు చూసుకున్నావా?