వైఫై కనెక్ట్ అయినట్టే ఉంటుంది, ఇంటర్నెట్ రాదు: రీస్టార్ట్ చేసే ముందు ఏమేం చూడాలి?

ఇంట్లో ల్యాప్‌టాప్ వైఫైకి కనెక్ట్ అయినట్టే చూపిస్తూ ఇంటర్నెట్ మాత్రం రావడం లేదనీ, ఆఫీసులో కొందరికే, అదీ కొన్ని పూటలే, షేర్డ్ ఫోల్డర్లూ ప్రింటరూ కనిపించకుండా పోతున్నాయనీ, రెండు చోట్లా ఆపి మళ్లీ ఆన్ చేస్తే కొంతసేపు బాగుండి తిరిగి మొదటికే వస్తోందనీ రాశారు. సుమారు 40 కంప్యూటర్లున్న ఒక కార్యాలయంలో పదకొండేళ్లుగా వీటి బాగోగులు చూస్తున్నాను. మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ నేను స్వయంగా పడినవే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

రీస్టార్ట్ చేయడం తప్పు కాదు. అయితే అది చేసిన మరుక్షణం ఆధారాలు చెరిగిపోతాయి. లోపం వచ్చిన సమయంలో కంప్యూటర్‌కు ఏ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే అంకెలు) ఉందో, ఏ గేట్‌వే (బయటికి వెళ్లే ద్వారం) ఉందో, రూటర్ మీద ఏ లైటు వెలగలేదో తర్వాత తెలుసుకునే దారి ఉండదు. అందుచేత రెండు నిమిషాలు ఆగి, తెర మీద ఉన్నదాన్నీ రూటర్ లైట్లనూ ఫోన్‌తో ఫొటో తీసుకుని, ఆ తర్వాతే దేని మీదైనా చేయి వేయమని నా మనవి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే సమస్య పోయినా ఏది పోగొట్టిందో తెలియదు, అది మళ్లీ వచ్చిన రోజున మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

ముందుగా ఇంటి సంగతి చూద్దాం. వైఫై గుర్తు వెలుగుతోందంటే ల్యాప్‌టాప్‌కూ రూటర్‌కూ మధ్య రేడియో సంబంధం కుదిరిందని మాత్రమే అర్థం. రూటర్ అవతల ఏముందో ఆ గుర్తు చెప్పదు. కాబట్టి అదే వైఫైలో ఉన్న మరో ఫోన్‌లో, మొబైల్ డేటా ఆపేసి, ఇంటర్నెట్ వస్తోందో లేదో చూడండి. ఫోన్‌లో వస్తూ ల్యాప్‌టాప్‌లో రాకపోతే రూటర్‌ను తాకవలసిన అవసరమే చాలావరకు ఉండదు.

తర్వాత విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అన్న ఆదేశం ఇస్తే, ఆ కంప్యూటర్ ఐపీ అడ్రస్సూ, అది బయటికి వెళ్లడానికి వాడే గేట్‌వే అడ్రస్సూ కనిపిస్తాయి. ఆ అడ్రస్ 169.254 అంకెలతో మొదలైతే, కంప్యూటర్ తనకొక అడ్రస్ ఇమ్మని అడిగిందనీ, ఎవరూ బదులివ్వకపోవడంతో తనంతట తానే ఒకటి పెట్టుకుందనీ అర్థం. ఇలా పెట్టుకునే పద్ధతిని 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3927 అనే ప్రమాణపత్రంలో నిర్దేశించారు. ఈ అంకెలు కనిపించినప్పుడు ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేయడం వృథా, ఎందుకంటే లోపం మీ కంప్యూటర్‌కూ రూటర్‌కూ మధ్యలోనే ఉంది.

అడ్రస్ సవ్యంగా ఉంటే, అవతలి యంత్రం బదులిస్తుందో లేదో చూసే పింగ్ (ping) ఆదేశంతో ముందు గేట్‌వేను, ఆ తర్వాత 8.8.8.8 అడ్రస్‌ను, చివరగా ఏదైనా ఒక వెబ్‌సైట్ పేరును పలకరించండి. గేట్‌వే పలికి 8.8.8.8 పలకకపోతే రూటర్ నుంచి బయటికి వెళ్లే దారిలో లోపం ఉంది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేయవలసింది అప్పుడే. అంకెలకు బదులు వచ్చి పేరుకు రాకపోతే, పేర్లను అంకెలుగా మార్చే డీఎన్‌ఎస్ పనిచేయడం లేదు, అంటే దారి బాగానే ఉంది, చిరునామాల పుస్తకం అందడం లేదు. 8.8.8.8 అన్నది 2009లో గూగుల్ ప్రారంభించిన డీఎన్‌ఎస్ సర్వర్ అడ్రసే కాబట్టి, తాత్కాలికంగా దాన్నే డీఎన్‌ఎస్‌గా పెట్టి చూడవచ్చు. ఒక జాగ్రత్త చెప్పాలి: కొన్ని ఆఫీసులు భద్రత కోసం పింగ్‌ను అడ్డగిస్తాయి, అలాంటి చోట బదులు రానంత మాత్రాన దారి తెగిందని నిర్ధారించకూడదు.

ఇక ఆఫీసు సమస్య. నాకు మూడు రోజుల నిద్ర లేకుండా చేసిన అనుభవం ఒకటి అచ్చం మీరు చెప్పినట్టే ఉంది. ఉదయం వచ్చి కంప్యూటర్ ఆన్ చేసిన వాళ్లలో ఐదారుగురికి షేర్డ్ ఫోల్డర్లు దొరికేవి కావు, పక్క సీటులోని వారికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు, రీస్టార్ట్ చేస్తే కొందరికి సరిపోయేది. నేను కేబుళ్లు మార్చాను, కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టె ఒకటి మార్చాను, సర్వర్‌ను అనుమానించాను. మూడో రోజున, మొదటి గంటలోనే చేసి ఉండవలసిన పని చేశాను: పనిచేస్తున్న కంప్యూటర్ ఒకటీ, పనిచేయనిది ఒకటీ తీసుకుని రెండింటి ఐపీకాన్ఫిగ్ ఫలితాలను పక్కపక్కన పెట్టాను. మొదటి దానిలో గేట్‌వే 192.168.10.1 అని ఉంది, అది మాదే. రెండో దానిలో 192.168.0.1 అని ఉంది, అలాంటి అడ్రస్ మా కార్యాలయంలో దేనికీ లేదు.

ఆ అంకెలను బ్రౌజర్‌లో టైపు చేస్తే ఇళ్లలో వాడే ఒక చిన్న రూటర్ లాగిన్ పేజీ తెరుచుకుంది. ఏ ఐపీ ఏ పరికరానిదో కంప్యూటర్ రాసుకునే ఏఆర్‌పీ పట్టికలో దాని మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) చూసి, ఆ మ్యాక్ స్విచ్‌లోని ఏ పోర్టు మీద కనిపిస్తోందో వెతికితే మీటింగ్ గది గోడ సాకెట్ దగ్గర తేలింది. అక్కడ వైఫై సరిగా అందక ఒక సహోద్యోగి ఇంటి నుంచి రూటర్ తెచ్చి, గోడ కేబుల్‌ను దాని వ్యాన్ పోర్టుకు (బయటి లైను కలిపేది) బదులు ల్యాన్ పోర్టులో (లోపలి కంప్యూటర్లు కలిపేది) పెట్టారు. దాంతో ఆ చిన్న రూటర్ కూడా మా నెట్‌వర్క్‌లో అందరికీ అడ్రస్‌లు పంచడం మొదలుపెట్టింది. కంప్యూటర్ ఆన్ కాగానే అడ్రస్ ఇమ్మని నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా అడుగుతుంది, సాధారణంగా ముందు బదులిచ్చిన డీహెచ్‌సీపీ సర్వర్ (అడ్రస్‌లు పంచే యంత్రం) మాటే పుచ్చుకుంటుంది. కొందరికే, కొన్ని పూటలే రావడానికి కారణం ఇదే. అప్పటికే అడ్రస్ తీసుకుని నడుస్తున్న యంత్రాలు లీజు (ఆ అడ్రస్ వాడుకునే గడువు) సగం గడిచాక తమకు మొదట అడ్రస్ ఇచ్చిన సర్వర్‌నే నేరుగా అడిగి పొడిగించుకుంటాయి కాబట్టి వాటికి ఏమీ కాలేదు. కొత్తగా ఆన్ అయినవే చిక్కుకున్నాయి.

ఆ సహోద్యోగిని తప్పుపట్టాలని నాకు అనిపించలేదు, ఎందుకంటే మీటింగ్ గదికి వైఫై అందేలా చూడవలసిన బాధ్యత మాదే. అక్కడ వైఫై అందించే యాక్సెస్ పాయింట్ ఒకటి పెట్టాం, స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే సదుపాయాన్ని ఆన్ చేశాం. అది ఉంటే అనుమతి లేని పోర్టు నుంచి ఎవరు అడ్రస్‌లు పంచబోయినా స్విచ్ ఆపేస్తుంది. మీ స్విచ్‌లకు ఆ సదుపాయం ఉందేమో అడిగి చూడండి.

ప్రింటర్ మాయమవడానికి ఇంతకంటే సాదా కారణం కూడా ఉండవచ్చు. ప్రింటర్‌కు రూటర్ ఇచ్చిన అడ్రస్ మారిపోతే, కంప్యూటర్లు పాత అడ్రస్‌కే పంపుతూ ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపిస్తాయి. రూటర్ సెట్టింగ్‌లలో ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కు ఒక స్థిరమైన ఐపీని రిజర్వ్ చేస్తే అది మళ్లీ మారదు.

ఇంట్లో ఇంటర్నెట్ వస్తూనే నత్తనడక నడుస్తుంటే, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలిపి చూడండి. కేబుల్ మీద బాగుంటే లోపం వైఫైదే. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లుగా సాధారణంగా వాడేవి 1, 6, 11 అనే మూడే, పైగా మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు అదే పౌనఃపున్యంలో పనిచేస్తుంది. దగ్గరలో కూర్చునే వారికి 5 గిగాహెర్ట్జ్ మేలు, గోడలు దాటి వెళ్లాలంటే 2.4 మేలు. కేబుల్ మీద కూడా వేగం 100 మెగాబిట్‌లు దాటకపోతే ఆ కేబుల్‌నే మార్చి చూడండి. గిగాబిట్ వేగానికి లోపలి 4 జతల తీగలూ కావాలి, 100కు 2 జతలు చాలు. అందువల్ల 100కు అక్కర్లేని జత ఒకటి తెగిన కేబుల్ పూర్తిగా ఆగిపోకుండా, నెమ్మదించి మాత్రమే ఊరుకుంటుంది. బల్ల కాలి కింద నలిగిన ఇలాంటి కేబుల్‌ను పట్టుకోవడానికి నాకు వారం పట్టింది.

మీరు షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తున్నారా, రీస్టార్ట్ చేస్తున్నారా అన్నది కూడా ముఖ్యమే. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన కెర్నెల్ (విండోస్ లోపలి ప్రధాన భాగం) స్థితిని డిస్క్‌లో దాచుకుని తర్వాత అక్కడి నుంచే మొదలుపెడుతుంది, డ్రైవర్‌లోని (వైఫై లాంటి పరికరాలను నడిపే ప్రోగ్రామ్‌లోని) తికమక అలాగే మిగిలిపోవచ్చు. రీస్టార్ట్‌లో అలా దాచుకోవడం ఉండదు. వెబ్‌సైట్లన్నీ ఒక్కసారిగా సురక్షితం కాదని హెచ్చరిస్తుంటే మాత్రం ముందు కంప్యూటర్ తేదీ చూడండి. పాత యంత్రాల్లో మదర్‌బోర్డు మీది 3 వోల్టుల నాణెం బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్లు వెనక్కి వెళ్లిపోతుంది, వెబ్‌సైట్లు అసలైనవేనని చూపే సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తాయి.

చేయకూడని పని ఒకటుంది. రూటర్ వెనక సూదితో నొక్కే రీసెట్ రంధ్రం జోలికి వెళ్లకండి. అది రీస్టార్ట్ కాదు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ సహా అన్ని సెట్టింగ్‌లనూ తుడిచేస్తుంది. మా దగ్గర కొత్తగా చేరిన ఒకరు మంచి ఉద్దేశంతోనే ఆ పని చేస్తే, పాస్‌వర్డ్ కాగితం దొరికే వరకు సగం రోజు కార్యాలయమంతా ఆగిపోయింది.

మీ ఆఫీసులో ఈసారి సమస్య వచ్చినప్పుడు, పనిచేసే కంప్యూటర్‌లోనూ పనిచేయని దానిలోనూ ఐపీకాన్ఫిగ్ ఆదేశానికి స్లాష్ ఆల్ చేర్చి (ipconfig /all) ఇవ్వండి. అప్పుడు గేట్‌వేతో పాటు డీహెచ్‌సీపీ సర్వర్ అడ్రస్ కూడా కనిపిస్తుంది. ఆ రెండు వరుసలు రెండు యంత్రాల్లోనూ ఒకేలా ఉన్నాయో లేదో, ఏ సమయంలో చూశారో ఇక్కడ రాయండి. తేడా ఉంటే ఆ అదనపు పరికరాన్ని ఎలా వెతకాలో, తేడా లేకపోతే తర్వాత ఎక్కడ చూడాలో నేను తప్పకుండా చెబుతాను.