బాస్కెట్‌బాల్ ఊరైన బ్లూమింగ్టన్‌లో సాకర్ జట్టు అంత గొప్పది ఎలా అయింది?

ప్రశ్న: ఈ ఆగస్టులో బ్లూమింగ్టన్‌లోని ఇండియానా యూనివర్సిటీలో ఎమ్మెస్‌కి చేరుతున్నాను. నాకు చిన్నప్పటి నుంచి ఫుట్‌బాల్ పిచ్చి. అక్కడి మగవాళ్ల సాకర్ జట్టుకి 8 జాతీయ టైటిళ్లు ఉన్నాయట. ఇండియానా అంటే బాస్కెట్‌బాల్ కదా, మరి ఇదెలా సాధ్యమైంది? అక్కడ చదివినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

జవాబు:

నేను అక్కడ 2011 ఆగస్టు నుంచి 2013 మే దాకా ఉన్నాను. మీరు విన్నది నిజమే. కాకపోతే మీలాగా నాకు ఫుట్‌బాల్ పిచ్చి లేదు. మాది తెనాలి. మా వీధిలో బంతి అంటే టెన్నిస్ బంతే, దాంతో ఆడేది క్రికెట్టే. నన్ను మొదటిసారి సాకర్ మ్యాచ్‌కి లాక్కెళ్లింది మా రూమ్మేటు. అతనిది కోజికోడ్. మలయాళీలకు ఈ ఆటంటే ఎంత ప్రాణమో మీకు చెప్పక్కర్లేదు.

ముందుగా ఒక మాట. అక్కడ 'ఫుట్‌బాల్' అంటే హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట. మొదటి వారంలో ల్యాబ్‌లో ఎవరితోనో "ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తున్నా" అంటే పాపం అన్నట్టు చూశాడు. ఆ రోజుల్లో ఆ జట్టు ఓడిపోవడమే మామూలు, 2011లో గెలిచింది ఒక్కటంటే ఒక్క మ్యాచ్. సాకర్ అని సరిదిద్దుకున్నాక అతని మొహం విప్పారింది. జాతీయ టైటిళ్లలో చూస్తే ఆ క్యాంపస్‌లో సాకరే పెద్దన్న. బాస్కెట్‌బాల్‌కి ఉన్నవి 5, సాకర్‌కి 8.

ఆ మొదటి మ్యాచ్‌లో నాకు పెద్ద అయోమయం. స్కోర్‌బోర్డు మీద గడియారం 45 నుంచి కిందికి పోతోంది. పాడైందనుకున్నాను. అమెరికా కాలేజీ సాకర్‌లో పద్ధతే అంత: గడియారం సున్నాకి దిగగానే ఆట అయిపోయినట్టే, మనం టీవీలో చూసే 'ఇంకో నాలుగు నిమిషాలు' వ్యవహారం ఉండదు. చివరి పది సెకన్లు జనమంతా రాకెట్ వదులుతున్నట్టు వెనక్కి లెక్కపెడతారు. మా రూమ్మేటుకి ఇది మహా అపచారంగా కనిపించేది. బయటికి వెళ్లిన ఆటగాడు మళ్లీ లోపలికి రావచ్చని తెలిశాక రాత్రంతా సణిగాడు. నాకు మాత్రం ఆ లెక్కపెట్టడం భలే నచ్చింది.

ఇక చరిత్ర. ఈ జట్టు కథలో చాలామంది టైటిళ్ల దగ్గర మొదలుపెడతారు. నా దృష్టిలో అసలు కథ అంతకు ముందున్న పదేళ్లది.

1963లో జెర్రీ యేగ్లీ అని ఇంకా పాతికేళ్లు నిండని కుర్రాడు బ్లూమింగ్టన్ వచ్చాడు. అప్పటికి రెండేళ్ల క్రితమే, 1961లో, పెన్సిల్వేనియాలోని వెస్ట్ చెస్టర్ కాలేజీ జట్టులో ఆడి జాతీయ టైటిల్ గెలిచినవాడు. ఇండియానాలో సాకర్‌కి అప్పుడున్నది క్లబ్బు మాత్రమే. క్లబ్బు అంటే మన కాలనీ కుర్రాళ్లు చందాలేసుకుని ఆడుకుంటారే, ఆ బాపతు. వర్సిటీ జట్టు అంటే యూనివర్సిటీ తన సొంత జట్టుగా గుర్తించి, డబ్బు పెట్టి, జాతీయ టోర్నీకి పంపేది. ఎంత బాగా ఆడినా క్లబ్బుకి ఆ టోర్నీలో చోటు లేదు. యేగ్లీ ఆ గుర్తింపు కోసం పదేళ్లు తిరిగాడు. పదేళ్లంటే ఆలోచించండి, నాలుగేళ్ల చదువుకొచ్చిన కుర్రాళ్లు రెండున్నర తరాలు మారిపోతారు. తాము ఎన్నడూ ఆడలేని టోర్నీ కోసం వాళ్లు ప్రాక్టీసు చేసి వెళ్లిపోయారు. చివరికి 1973లో వర్సిటీ హోదా వచ్చింది.

ఆ ఏడాదికి ఇంకో విశేషం ఉంది. అప్పటిదాకా ఈ ఆటకి రాజధాని సెయింట్ లూయిస్. అక్కడి క్యాథలిక్ పారిష్‌ల పిల్లల లీగుల్లో తయారైన కుర్రాళ్లతో సెయింట్ లూయిస్ యూనివర్సిటీ 1959 నుంచి 1973 లోపు 10 టైటిళ్లు కొట్టింది. ఆ రికార్డు ఇప్పటికీ వాళ్లదే. 1950 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌ని 1-0తో ఓడించిన అమెరికా జట్టులో ఐదుగురు ఆ ఊరివాళ్లే. అలాంటి సెయింట్ లూయిస్ తన చివరి టైటిల్ గెలిచింది 1973లో. ఇండియానా లెక్క మొదలైందీ అదే ఏడాది. తర్వాత యేగ్లీ ఆ ఊరి నుంచీ, షికాగో చుట్టుపక్కల నుంచీ కుర్రాళ్లను తెచ్చుకున్నాడు.

1972లో చదువుల్లో ఆడపిల్లలకు సమాన అవకాశాలు ఇవ్వాలని అక్కడ టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. న్యాయమైన చట్టమే. అయితే వందమందికి పైగా మగపిల్లలుండే ఫుట్‌బాల్ జట్టును పోషిస్తూ లెక్క సరిచూసుకోవాలంటే, మగవాళ్లకి కొత్త జట్టు పెట్టడం యూనివర్సిటీలకు కష్టమవుతూ వచ్చింది. దక్షిణాదిలో అలబామా, ఫ్లోరిడా, టెక్సస్ లాంటి పెద్ద పెద్ద యూనివర్సిటీలకు ఇవాళ్టికీ మగవాళ్ల సాకర్ వర్సిటీ జట్టు లేదు. యేగ్లీ ప్రయత్నం ఇంకో పదేళ్లు సాగి ఉంటే ఇండియానా కూడా ఆ వరుసలోనే ఉండేదేమో. ఇది నా ఊహ మాత్రమే.

నాలుగో సీజన్‌కే, 1976లో, ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఫైనల్‌కి వెళ్లి, ఫిలడెల్ఫియాలో శాన్ ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ చేతిలో 0-1తో ఓడారు. 1978లో మళ్లీ ఫైనల్, మళ్లీ శాన్ ఫ్రాన్సిస్కో, మళ్లీ ఓటమి. (ఆ టైటిల్‌ని తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వెనక్కి తీసుకున్నారు, కానీ ఇండియానాకి ఇవ్వలేదు.) 1980లో మూడోసారి అదే జట్టు, ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-4. ఐదేళ్లలో మూడు ఫైనళ్లు, ఒకే జట్టు చేతిలో. మనవాళ్లైతే శాంతిపూజ చేయించేవాళ్లు.

1982 ఫైనల్ గురించి మాత్రం కాస్త తీరిగ్గా చెప్పాలి. ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో, డ్యూక్ యూనివర్సిటీ మీద. 90 నిమిషాలయ్యేసరికి 1-1. అప్పట్లో ఫైనల్‌కి పెనాల్టీ షూటౌట్ లేదు, ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా ఎక్స్‌ట్రా టైమ్ మీద ఎక్స్‌ట్రా టైమ్. ఒకటి, రెండు, మూడు... అలా ఎనిమిది దాకా వెళ్లింది. ఎనిమిదో దాంట్లో, మ్యాచ్ 160వ నిమిషం నడుస్తుండగా, గ్రెగ్ థాంప్సన్ ఫ్రీ కిక్‌తో గోల్ కొట్టాడు. మొదటి గోల్ కూడా అతనిదే. రెండు మ్యాచ్‌లకి దగ్గరగా పరుగెత్తిన కాళ్లతో ఫ్రీ కిక్ గురిచూసి కొట్టడం ఎలాగో నాకర్థం కాదు, నేను హాస్టల్ మెట్లెక్కితేనే ఆయాసపడేవాణ్ణి.

మరుసటి ఏడాది 1983లో, అప్పటిదాకా ఓటమే ఎరగని కొలంబియా యూనివర్సిటీని ఎక్స్‌ట్రా టైమ్‌లో 1-0తో ఓడించి రెండోది. 1988లో ఫైనల్ సొంత మైదానంలోనే జరిగింది, హోవర్డ్ యూనివర్సిటీ మీద 1-0. హోవర్డ్‌కి వేరే పెద్ద కథ ఉంది. నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన యూనివర్సిటీ అది. 1971లో గెలిచిన టైటిల్‌ని అధికారులు లాగేసుకుంటే, 1974లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వచ్చి ఫైనల్‌లో సెయింట్ లూయిస్‌ని ఓడించి మళ్లీ గెలిచారు. వీలైతే దాని గురించి విడిగా చదవండి.

1997 జట్టుని అక్కడి పాతవాళ్లు ఇప్పటికీ తలుచుకుని నిట్టూరుస్తారు. వరసగా 23 మ్యాచ్‌లు గెలిచి, సెమీస్‌లో యూసీఎల్‌ఏ చేతిలో మూడో ఎక్స్‌ట్రా టైమ్‌లో 0-1. ఆ మంట 1998లో స్టాన్‌ఫర్డ్ మీదా, 1999లో శాంటా క్లారా మీదా చల్లారింది. 2003 యేగ్లీకి చివరి సీజన్. మొదట్లో జట్టు బాగా తడబడింది, పెద్దాయన ఇలా వెళ్లాల్సి వస్తుందా అనుకున్నారట. తర్వాత పుంజుకుని ఫైనల్‌లో సెయింట్ జాన్స్‌ని 2-1తో ఓడించారు. ఆరో టైటిల్‌తో ఆయన దిగిపోయాడు. వర్సిటీ కోచ్‌గా ఆయన లెక్క 544 గెలుపులు, 101 ఓటములు, 45 డ్రాలు.

2004లో ఆయన తర్వాతి కోచ్ మైక్ ఫ్రైటాగ్ మొదటి ఏడాదే పెనాల్టీల మీద ఏడోది తెచ్చాడు. 2010 నుంచి కోచ్ టాడ్ యేగ్లీ, అంటే పెద్దాయన కొడుకు. 'వారసత్వమా' అని మనవాళ్లకి వెంటనే అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది. కానీ అతను తండ్రి దగ్గరే ఆడి 1994లో దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాళ్లలో ఒకడనిపించుకుని, కొలంబస్ క్రూకి ప్రొఫెషనల్‌గా ఆడి, విస్కాన్సిన్‌లో కోచింగ్ చేసి వచ్చినవాడు.

నేనున్నప్పుడే ఎనిమిదోది వచ్చింది, 2012లో. ఆ ఏడాది టోర్నీలో ఇండియానాకి 16వ సీడ్, అంటే సీడ్ ఉన్న జట్లలో ఆఖరిది. మా రూమ్మేటు తప్ప ఎవరూ పెద్దగా ఆశపెట్టుకోలేదు. వీళ్లు వెళ్లి టాప్ సీడ్ నోటర్ డామ్‌ని వాళ్ల ఊళ్లోనే ఓడించారు. ఆపైన నార్త్ కరొలైనాని, సెమీస్‌లో క్రైటన్‌ని. డిసెంబరు 9న అలబామాలోని హూవర్‌లో ఫైనల్, జార్జ్‌టౌన్ మీద. మాకు అప్పుడు ఫైనల్ ఎగ్జామ్స్. అల్గారిదమ్స్ నోట్స్ ఒడిలో పెట్టుకుని, పులిహోర తింటూ, ల్యాప్‌టాప్‌లో ఆగి ఆగి వస్తున్న వీడియోలో చూశాం. నికిటా కోట్లోవ్ గోల్ కొట్టిన క్షణంలో బొమ్మ గడ్డకట్టింది. పక్క అపార్ట్‌మెంట్‌లో కేకలు వినిపించాకే మాకు తెలిసింది. 1-0. చివరి పది సెకన్లు నేనూ గట్టిగా లెక్కపెట్టాను, తెలుగులో. పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయని అడక్కండి.

ఆ తర్వాత తొమ్మిదోది రాలేదు. 2017లో స్టాన్‌ఫర్డ్ చేతిలో ఎక్స్‌ట్రా టైమ్‌లో 0-1. కోవిడ్ వల్ల 2021 మే నెలకి జరిగిన 2020 ఫైనల్‌లో మార్షల్ చేతిలో మళ్లీ ఎక్స్‌ట్రా టైమ్‌లోనే 0-1. 2022లో సిరక్యూజ్‌తో 2-2, పెనాల్టీల్లో 6-7. ఈ మూడింటినీ నేను డాలస్‌లో సోఫాలో కూర్చుని చూసి బాధపడ్డాను. మొత్తం కలిపితే 2022 దాకా ఇండియానా ఆడిన ఫైనళ్లు 17, గెలిచినవి 8, ఓడినవి 9. అభిమానులు 8 గురించే మాట్లాడతారు, చొక్కా మీదా ఎనిమిది నక్షత్రాలే ఉంటాయి. నాకు మాత్రం ఆ తొమ్మిదే ఎక్కువ ఆశ్చర్యం. అన్నిసార్లు ఫైనల్లో ఓడాలంటే అన్నిసార్లు ఫైనల్ దాకా రావాలి కదా.

"ఎలా సాధ్యమైంది" అని అడిగారు. డబ్బు కాదు. చాలాకాలం మగవాళ్ల సాకర్‌లో ఏ యూనివర్సిటీ అయినా ఇవ్వగలిగిన స్కాలర్‌షిప్పులు 9.9 మాత్రమే. దాన్ని పాతిక మందికి పైగా ముక్కలు చేసి పంచేవాళ్లు. అదే ఫుట్‌బాల్‌కి 85. అందరికీ అదే కొలత అయినప్పుడు, ఒకే మనిషి క్లబ్బు రోజులతో కలిపి 40 ఏళ్లు ఒకేచోట ఉండటమే తేడా అని నా అభిప్రాయం. హైదరాబాద్‌లో పెద్దవాళ్లెవరినైనా రహీం సాబ్ గురించి అడగండి. స్కూలు టీచరుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సిటీ పోలీస్ జట్టునీ, భారత జట్టునీ ఎక్కడికి తీసుకెళ్లాడో చెబుతారు. 1962 ఏషియన్ గేమ్స్ బంగారు పతకం ఆయన కోచింగ్‌లో వచ్చిందే. ఆయన 1963లో పోయాడు. మనకి అలాంటి మనిషి వెళ్లిపోయిన ఏడాదే వాళ్లకి యేగ్లీ వచ్చాడు, కాకతాళీయమే అనుకోండి.

మీరు వెళ్లాక ఏం చేయాలంటే, సీజన్ ఆగస్టు చివర్లోనే మొదలవుతుంది కాబట్టి ఓరియంటేషన్ హడావుడిలో మొదటి మ్యాచ్‌లు వదిలేయకండి. స్టేడియం పేరు బిల్ ఆర్మ్‌స్ట్రాంగ్, 17వ వీధిలో, బాస్కెట్‌బాల్ ఆడే అసెంబ్లీ హాల్‌కి దగ్గర్లోనే. మైదానం చుట్టూ బూడిదరంగు ట్రాక్ కనిపిస్తుంది, అది వసంతంలో జరిగే లిటిల్ 500 సైకిల్ పందేనిది, 200 చుట్లు తొక్కుతారు. దానివల్ల సీట్లు గడ్డికి కాస్త దూరంగా ఉంటాయి, కాబట్టి పైవరసల్లో కూర్చుంటేనే ఆట బాగా కనిపిస్తుంది. టోర్నీ మ్యాచ్‌లు నవంబరులో, అదీ రాత్రిపూట. తెనాలి నుంచి తెచ్చుకున్న స్వెటర్ సరిపోతుందనుకుని వెళ్లి, హాఫ్‌టైమ్‌కి వేళ్లు కదలక, రూమ్మేటు సాక్సులు చేతులకి తొడుక్కుని రెండో సగం చూశాను. గ్లౌజులు కొనుక్కోండి.