పొసగని రెండు వస్తువులు

చిరంజీవికి ఆశీస్సులు.

పెద్దకర్మ భోజనాల దగ్గర నీ కథానాయకుడు చుట్టూ చూసి ‘అంతా ఇన్‌కాంగ్రువస్‌గా ఉంది’ అనుకుంటాడు. పొసగనిది అనే అర్థమున్న ఆ ఇంగ్లీషు మాట ఉంచాలా, తెలుగు మాట పెట్టాలా అని అడిగావు. ముందు దాని పుట్టుక చూద్దాం.

లాటిన్‌లో కాంగ్రుఎరె అంటే కలిసి రావడం, ఏకీభవించడం. దానికి నిషేధార్థంలో ‘ఇన్’ చేరింది. ఇంగ్లీషులోకి 17వ శతాబ్దం మొదట్లో వచ్చింది. బడిలో సర్వసమాన త్రిభుజాలని చదువుకున్నవి ఇంగ్లీషులో కాంగ్రుయెంట్ త్రిభుజాలు. అదే ధాతువు: ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చంగా సరిపోయేవి. మన ‘సంగతం’ అల్లిక కూడా ఇదే, కలిసి వచ్చినది అని. అలాగని నీ వాక్యంలో ‘అసంగతం’ పెట్టకు. తెలుగు వాడుకలో అది సందర్భం తప్పిన మాటలకు స్థిరపడిపోయింది. ‘పొసగలేదు’, ‘అతకలేదు’ దగ్గరి మాటలు.

ఈ మాటను పొరుగు మాటలతో కలిపేస్తుంటారు. కాంట్రడిక్టరీ అంటే రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఇన్‌కంపాటిబుల్‌లో ఉన్నది భరించడమనే ధాతువు. ఒకదాన్నొకటి భరించలేనివి అన్నమాట. ఇన్‌కాంగ్రువస్ అలా కాదు. రెండూ నిజమే, రెండూ అక్కడే ఉన్నాయి, విడివిడిగా ఏ దోషమూ లేదు. పక్కపక్కన చూస్తేనే జత కుదరదు. అందుకే ‘దేనితో పొసగలేదు?’ అన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఈ మాట నిలబడదు. నీ ‘అంతా’ దగ్గర వచ్చిన చిక్కు అదే.

కావ్యాల్లోని అలంకారాలను వివరించిన మన ఆలంకారికులు దీన్ని విషమం అనే అలంకారం అన్నారు. (అసంగతి అనే అలంకారం వేరు, అక్కడ కారణం ఒకచోట, కార్యం ఇంకోచోట.) అనురూపం కాని రెండింటిని జత చేయడం విషమమని కువలయానందం అనే అలంకార గ్రంథంలో అప్పయ్య దీక్షితులు లక్షణం చెప్పి, ‘క్వేయం శిరీషమృద్వంగీ, క్వ తావన్మదనజ్వరః’ అని ఉదాహరణ ఇచ్చారు. దిరిసెన పువ్వంత మెత్తని ఈమె ఎక్కడ, ఆ మదనజ్వరం ఎక్కడ! ఇందులో ‘పొసగదు’ అన్న మాటే లేదు, చూశావా? ‘ఎక్కడ’ అనే రెండు ‘క్వ’లు ఆ పని చేసేశాయి.

ఇక నీ పేరా. ఫొటోకి వేసిన దండ, విస్తళ్లు, గారెలు ముందు రావాలి. పాఠకుడు ఎదురుచూసేవి అవే. వాటి వెనక, టెంట్‌హౌస్ వాళ్లు కట్టిన గులాబీ పరదా మీద విప్పడం మరిచిన ‘హ్యాపీ బర్త్‌డే’ థర్మోకోల్ అక్షరాలు నీ చిత్తుప్రతిలోనే ఉన్నాయి. బంగారం లాంటి వివరం. దాన్ని పేరా చివరికి తీసుకురా. మధ్యలో ‘కానీ’, ‘విచిత్రంగా’ వద్దు. అవి పాఠకుణ్ణి ముందే హెచ్చరించి దెబ్బ బలం తగ్గిస్తాయి. పరదా తర్వాత నువ్వు చేర్చిన డీజే పాట, పెళ్లికొడుకు కుర్చీ కొట్టెయ్. పొసగనిది ఒక్కటుంటే అది ఊళ్లో జరిగినది. మూడుంటే రచయిత తెచ్చిపెట్టినవని తెలిసిపోతుంది.

పదాల్లోనూ ఈ పేచీ వస్తుంది. ‘పుష్పదండ’ రాశావు, పూలదండ అను, లేదా పుష్పమాల అను. ‘పాలాభిషేకం’ కూడా అలా సంస్కృత పదాన్నీ తెలుగు పదాన్నీ అతికించిన వైరి సమాసమే, క్షీరాభిషేకం అనాలి. అయితే దాన్ని పత్రికలు ఎప్పుడో ఒప్పేసుకున్నాయి, నీ సర్పంచి నోట ఉంది కాబట్టి ఉండనీ. సర్పంచి క్షీరాభిషేకం అంటే అదే అతకదు!

ఆ థర్మోకోల్ అక్షరాలను పేరాలో సరైన చోట పెట్టాక ‘ఇన్‌కాంగ్రువస్‌గా ఉంది’ అన్న వాక్యం మొత్తం తీసెయ్, బదులుగా తెలుగు మాటా వద్దు. మరీ వదల్లేకపోతే, ఆ రాత్రి అతను అమెరికాలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసే చోట సంభాషణలో వాడుకో. వాళ్లిద్దరూ అలాగే మాట్లాడుకుంటారు.